చేను చూసే పెంటయ్య, లెక్క తప్పిన పాండవులు

కొండాపూర్ పక్కన మా ఊళ్ళో రకరకాల ఉద్యోగాలు ఉండేవి. సిమెంటు గొట్టాల కంపెనీలో అచ్చులు పోసేవాళ్ళు కొందరు, పటాన్‌చెరు ఫ్యాక్టరీ గేట్ల దగ్గర కర్ర పట్టుకుని నిలబడేవాళ్ళు కొందరు, సంగారెడ్డి కచేరీల చుట్టూ ఎందుకు తిరుగుతున్నారో తమకే తెలియకుండా తిరిగేవాళ్ళు మరికొందరు. పొలం పచ్చగా ఉందో లేదో చూడటమే ఉద్యోగమైన మనిషి మాత్రం ఒక్కడే ఉండేవాడు. అతనే పెంటయ్య.

ఆ ఉద్యోగాన్ని పుట్టించినవాడు భీమశంకరం వకీలు. బస్సు రోడ్డు పక్కన ఆయనకు నల్లరేగడి భూమి ఉండేది. ఎనభైలలో రోడ్డు పొడుగునా ప్రహరీగోడలు లేస్తుంటే, పిల్లలు లేని ఆ పెద్దమనిషికి ఒక బెంగ పట్టుకుంది. తన భూమిలో జొన్నకు బదులు రేకుల షెడ్డు మొలుస్తుందేమోనని. చివరికి ఆ భూమిని దున్నుకుంటున్న రైతులనే పిలిచి చవకగా రాసిచ్చేశాడు. ఒక షరతు మాత్రం పెట్టాడు. ఆ నేల ఎప్పటికీ చేనుగానే ఉండాలి. ప్లాట్లు వేయకూడదు, షెడ్డు కట్టకూడదు, పైమట్టి ఇటుక బట్టీలకు అమ్మకూడదు. ఎవరు మాట తప్పితే వాళ్ళ వాటా తిరిగి వకీలు వారసులకు పోతుంది. నేలను ఊరికే ఖాళీగా వదిలేసినవాళ్ళ మీద మాత్రం కాస్త దయ చూపాడు. తప్పు ఎత్తి చూపిన పక్షం రోజుల్లోపల అక్కడ పంట కనిపించాలి. ఇవన్నీ చూడటానికి ఒక మనిషి, ఆ మనిషి చెప్పింది వినడానికి ఇద్దరు పెద్దలు. నాకు తెలిసేసరికి పెద్దల్లో ఒకరు సోమయ్య అనే రైతు, ఇంకొకరు చిన్నబడి పంతులమ్మ నాగరత్నం.

చూసే మనిషిని వకీలు ఎలా ఎంచుకున్నాడో చెప్పాలి. ఊరి మగవాళ్ళను తన అరుగు ముందు నిలబెట్టి, "నా చేను ఎట్ల ఉంది?" అని వరసగా అడిగాడు. ఒకడు బంగారమన్నాడు. ఒకడు దొరగారి మనసులా ఉందన్నాడు. ఇంకొకడు అక్కడికక్కడే కళ్ళు తుడుచుకున్నాడు. పెంటయ్య వంతు వచ్చింది.

"ఇయ్యాల సూడలే," అన్నాడు పెంటయ్య.

ఉద్యోగం అతనికే దొరికింది.

చూడనిది చెప్పకపోవడం అతనికి గుణం కాదు, జబ్బు. అతని భార్య మల్లవ్వ పురుడు పోసుకున్నప్పుడు మంత్రసాని బయటికి వచ్చి ఆడపిల్ల అని చెప్పింది. ఊరివాళ్ళు ఏం పుట్టిందని అడిగితే పెంటయ్య, "ఆడపిల్ల అని మంత్రసాని అంటున్నది," అన్నాడు. బిడ్డ కౌసల్యను చేతిలో పెట్టాక గానీ ఆ "అంటున్నది" పోలేదు. కూర పొయ్యి మీద ఉండగా మల్లవ్వ, "ఉప్పు సరిపోయినట్టు వాసనొస్తున్నదా?" అని అడిగినా, తిన్నాకే చెప్తానని కూర్చునేవాడు.

నేను చదివిన కాన్వెంటులో సిస్టరమ్మలు సోమవారం పొద్దున మా గోళ్ళు చూసేవాళ్ళు. ఆ చూపు పడగానే గోళ్ళలోని మట్టి తనంతట తానే రాలిపోయేది. పెంటయ్య చూపుదీ అదే జాతి. తేడా ఏమిటంటే సిస్టరమ్మలకు మట్టి ఉండకూడదు, పెంటయ్యకు ఉండి తీరాలి. సోమయ్య పెద్దమనిషి కాకముందు ఒకసారి తన చేనులోంచి నాలుగు బండ్ల మట్టి బట్టీకి తోలాడు. మర్నాడు పెంటయ్య గట్టు మీద నిలబడి తల గోక్కున్నాడు.

"ఏం సోమన్నా, మొన్న నీ తలపాగ నా కండ్లకు సరిసమానంగుండె. ఇయ్యాల బుజం కాడికి దిగింది. నువ్వు కుంగినవా, నీ చేను కుంగిందా?"

సోమయ్య ఆ సాయంత్రమే చెరువు మట్టి తెచ్చి పోసుకున్నాడు. అప్పటికి బతికే ఉన్న వకీలు నవ్వి వదిలేశాడు. అప్పటినుంచి మట్టి విషయంలో అతనంత ఖచ్చితమైన మనిషి లేడు. అందుకే పెద్దను చేశారు.

పెంటయ్య ముక్కు సంగతి కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. పుష్యమాసం మంచులో జోగిపేట బస్సుకు దారి కనిపించనప్పుడు డ్రైవరు, "పెంటన్నా, ఏడున్నం?" అని అడిగేవాడు. పెంటయ్య కిటికీలోంచి ముక్కు బయటపెట్టి, "కుసుమపూలు అయిపోయినయి, పచ్చిశనగలు మొదలైనయి. బ్రేకెయ్, మా ఊరొచ్చింది," అనేవాడు. బస్సు సరిగ్గా స్టేజీ దగ్గర ఆగేది. ఇది నేను కళ్ళారా చూశాను. మంచు కొంచెం పలచగా ఉండి ఉంటుంది, అంతే.

జీతం అంటూ లేదు. కల్లాల రోజుల్లో ప్రతి రైతూ అతనికి కుంచెడు ధాన్యం కొలిచేవాడు. తనిఖీకి వెళ్ళిన చేనులో ఏది చేతికందితే అది నోట్లో వేసుకునేవాడు. "తింటె తెలుస్తది," అనేవాడు. చూడటం తప్ప వేరే పని ఎరగని మనిషి అట్లా ఎందుకు తింటాడని అడిగితే, కళ్ళు రెండే ఉన్నాయనీ, పళ్ళు ఎక్కువ ఉన్నాయనీ జవాబు చెప్పేవాడు.

వకీలు కాలం చేశాక ఆయన వారసుడిగా మిగిలింది తమ్ముడి కొడుకు రాజారావు. వెలిమెల వైపు నేల కొని, రాళ్ళు పాతి, ప్లాట్లుగా అమ్మడం అతని వ్యాపారం. బస్సు రోడ్డు పక్కన పెదనాన్న ఇచ్చేసిన భూమిని కారులోంచి చూసినప్పుడల్లా అతనికి ఆకలి అయ్యేది. ముఖ్యంగా రాజవ్వ చేను మీద. నాలుగెకరాలు, రోడ్డుకు ఆనుకుని, గొట్టాల కంపెనీ గోడకు ఎదురుగా.

రాజవ్వ విధవరాలు. నోరు పెద్దది, వంటపాత్రలు అంతకంటే పెద్దవి. కొడుకు నర్సింహులు ఆ గొట్టాల కంపెనీలోనే పని చేసేవాడు. తల్లికి ఆ నాలుగెకరాలు తప్ప ఇంకేమీ లేదు. ఇల్లు కూడా మరిదిగారి వాటాలోనే ఉండేది. చేను పోతే ఆమె అత్తగారి ఊళ్ళోనే కూలికి పోవాలి.

ఆ చేనులో ఒకే ఒక లోపం ఉంది. కంపెనీ కార్మికులు షిఫ్టుకు వెళ్ళడానికి రోడ్డు పక్క మడిలోంచి అడ్డదారి తొక్కేవాళ్ళు. బిహారు నుంచి, ఒడిశా నుంచి వచ్చి ఊళ్ళో గదులు కిరాయికి తీసుకుని ఉన్న కుర్రాళ్ళు. రాజవ్వ అక్కడ రెండుసార్లు శనగలు వేసింది. రెండుసార్లూ వాళ్ళ బూట్ల కింద పోయాయి. విసుగొచ్చి ఈసారి ఆ మడిని వదిలేసింది; మళ్ళీ విత్తుతుందేమోనని పెంటయ్య ఇంకా తప్పు పట్టలేదు. మిగిలిన చేనంతా జొన్న నిలువెత్తున ఉంది, కంకులు పాలుపోసుకుంటున్నాయి. ఆ మడి మాత్రం బోడిగా ఉంది.

తొంభై ఆరో, తొంభై ఏడో, ఆ ఏడు ఎల్లమాస వచ్చింది. మార్గశిర అమావాస్యకు మా వైపు రైతులు చేనులో చేసుకునే పండుగ అది. అయిదు రాళ్ళకు సున్నం పూసి, పాండవులని పేరు పెట్టి, జొన్నచొప్పతో చిన్న గుడిసె కట్టి అందులో కూర్చోబెడతారు. సజ్జరొట్టెలు, పచ్చిశనగలూ చిక్కుళ్ళూ ఆకుకూరలూ కలిపి వండిన భజ్జి, అంబలి నైవేద్యం పెట్టి, చేను నాలుగు వైపులా అంబలి చల్లుతారు. పంట కోసేదాకా ఆ పాండవులను ఎవరూ కదిలించరు. కదిలిస్తే చేను కాపలా లేచిపోయినట్టే.

నర్సింహులు ఆ పండుగకు కంపెనీ స్నేహితులందరినీ పిలిచాడు. రాజవ్వ మురిసిపోయి రెండు రోజులు రొట్టెలు కొట్టింది. వచ్చిన కుర్రాళ్ళు జొన్నచొప్ప గుడిసెలోని రాళ్ళను చూసి ఏమిటని అడిగారు. ఈ చేను తిండి తినే ఇల్లు ప్రతిదీ పాండవులను నిలబెడుతుందని నర్సింహులు చెప్పాడు.

క్రేన్ నడిపే బిహారీ కుర్రాణ్ణి ఊళ్ళో క్రేన్ భయ్యా అనేవాళ్ళు. అతనికి మనసు కలుక్కుమంది. "అమ్మా, హమ్ భీ ఖా రహే హై. హమారా భీ ఘర్ హై నా?" అన్నాడు. మేమూ తింటున్నాం కదా, మాదీ ఒక ఇల్లే కదా అని.

"ఎందుకు కాదు బిడ్డా! ఒక్క అర్రల ఉండేటోళ్ళంత ఒక్క ఇల్లు. పెట్టుకోండ్రి, మీ పాండవుల్ని గూడ పెట్టుకోండ్రి," అంది రాజవ్వ.

ఇక్కడే జరిగింది అసలు తప్పు. నల్లరేగడిలో రాయి ఎక్కడ దొరుకుతుంది? కుర్రాళ్ళు కంపెనీ గోడ వెనక్కి పరుగెత్తారు. అక్కడ సిమెంటు గట్టిదనం పరీక్షించడానికి పోసి, అవసరం తీరాక పారేసిన చదరపు దిమ్మలు గుట్టగా పడి ఉన్నాయి. అన్నీ ఒకే కొలత. ప్రతిదాని మీదా నల్లరంగుతో ఏదో నంబరు. వాటికి సున్నం పూశారు. సున్నం పలచగా ఉండి నంబర్లు అలాగే కనిపించాయి. అచ్చులు పోసే చేతులు కదా, వంకరగా ఏదీ పెట్టలేరు. తాడు పట్టి, బోడి మడిలో, ఒక్కో గదికి ఒక్కో చదరం గీసుకున్నారు. ధర్మరాజును నడుమ కూర్చోబెట్టి, తమ్ముళ్ళను నాలుగు మూలలా కాపలా పెట్టారు. ఏ గదివాళ్ళు ఆ గది చదరంలో కూర్చుని భజ్జి తిన్నారు. చీకటి పడకముందే లేచి, చేతులు కడుక్కుని, రాజవ్వ కాళ్ళకు దండం పెట్టి వెళ్ళిపోయారు.

పెంటయ్య అక్కడ లేడు. కౌసల్య అత్తగారింటికి, జోగిపేటకు పండుగకు వెళ్ళాడు.

మర్నాడు పొద్దున రోడ్డు మీద పోయే మొదటి బస్సులోని జనం మెడలు తిప్పారు. పచ్చని జొన్న ముందు, బోడి నేల మీద, తెల్లని నంబరు రాళ్ళు వరసలు వరసలుగా మెరుస్తున్నాయి. రెండో బస్సులోంచి ఒక గుమాస్తా భార్యతో సహా దిగేశాడు. నెలనెలా కూడబెట్టి ప్లాటు కోసం పటాన్‌చెరు దాకా వెతుక్కుంటూ పోతున్నారు పాపం. రాజవ్వ రాళ్ళకు పసుపు పెడుతోంది.

"అమ్మా, చిన్న చిన్న బిట్లు వేశారు, మా తాహతుకు బాగున్నాయి. ఆ మూలది ఎవరైనా తీసుకున్నారా?" అన్నాడు గుమాస్తా.

"ఆ మూలకా? నకులుడున్నడు."

"ఓహో. పక్కది?"

"సహదేవుడు."

గుమాస్తా భార్య వైపు తిరిగి, "అన్నదమ్ములు కలిసి తీసుకున్నట్టున్నారే," అన్నాడు.

"నడుమది అడగండి," అంది ఆవిడ.

"నడుమ ధర్మరాజు. ఆయన్ను కదిలించేది లేదు," అంది రాజవ్వ ఖండితంగా. "కూసోండ్రి, పొద్దుగాల్నే వచ్చిండ్రు. నిన్నటి సజ్జరొట్టెలున్నయి, పెరుగేసుకొని తింటరా?"

ప్లాట్లు అమ్మేవాళ్ళు ఇంత మర్యాద చేయడం వాళ్ళు ఎక్కడా చూడలేదు. కూర్చున్నారు.

వాళ్ళు రెండో రొట్టెలో ఉండగా రాజారావు కారు వచ్చి ఆగింది. అతనికి ఎవరో అప్పటికే ఫోను చేశారు. తెల్లచొక్కా, తెల్లప్యాంటు. దిగి, వరసలను ఒక చివరినుంచి ఇంకో చివరిదాకా చూసి, సంతోషం ఆపుకోలేక దగ్గాడు.

"రాజవ్వా, మా పెదనాన్న షరతు ఏంది? ప్లాట్లు వెయ్యొద్దని కదా? ఇగో రాళ్ళు, ఇగో నంబర్లు, కొనేటోళ్ళు గూడ ఇక్కడ్నే కూసొని తింటున్నరు. భూమి వాపస్ నాకు రావాలె."

"ఇవి పాండవులయ్యా!"

"పాండవులు అయిదుగురే కదా! ఇక్కడ సూడవోతే కౌరవులు గూడ సరిపోయేటట్టు లేరు. కుంతీదేవి మీ చేనుల మళ్ళ కాన్పుకొచ్చిందా?"

రాజవ్వ కొడుకు కోసం కంపెనీ గోడ వైపు చూసింది. నర్సింహులు షిఫ్టులో ఉన్నాడు. సోమయ్యనూ నాగరత్నాన్నీ పిలిపించారు. ఇద్దరూ రాళ్ళను చూసి నిట్టూర్చారు. షరతు ప్రకారం పెంటయ్య చూసి మాట చెప్పాలి. పెంటయ్య మధ్యాహ్నం బస్సులో దిగాడు.

అతను దిగుతూనే రాజవ్వ ఎదురెళ్ళింది. "పెంటయ్యా, నువ్వొక్క మాట చెప్పు. నిన్న పండుగకు నేనూ ఉన్న, పోరగాళ్ళు పాండవుల్ని పెట్టంగ సూసిన్నని చెప్పు. అయిపోతది."

"నేను లేను గద వదినె."

"లేకుంటె ఏంది? నేను సూసిన, నా కండ్లు కండ్లు కావా?"

"నీ కండ్లు మంచియే. నాయి కావు."

"నీ కండ్లల్ల కొరివి పెట్ట! ఏండ్ల సంది నా చేన్ల శనగలన్ని గుటుక్కున మింగినవు. ఇయ్యాల నా భూమి పోతుంటె నీకు నీతి యాదికొచ్చిందా?"

పెంటయ్య ముఖం చిన్నబోయింది. మడిలోకి దిగి, ఒక్కో రాయి దగ్గరా గొంతుకు కూర్చుని లేచాడు. రాయి ఎత్తబోతే రాజవ్వ అరిచింది, పంట కోసేదాకా కదిలించొద్దని. ఎత్తలేదు. చివరికి పెద్దల దగ్గరకు వచ్చాడు.

"రాళ్ళు కనిపిస్తున్నయి. నంబర్లు కనిపిస్తున్నయి. పెట్టినోళ్ళు కనిపిస్తలేరు. వాళ్ళను సూసినంక చెప్త."

"రానియ్, కొన్నోళ్ళు రావాలె కదా," అన్నాడు రాజారావు హాయిగా.

అంతలో కంపెనీ సైరన్ మోగింది. మొదటి షిఫ్టు వదిలారు. కుర్రాళ్ళు ఎప్పటిలాగే అడ్డదారి పట్టి, మడిలో జనం కనిపించేసరికి పరుగెత్తుకుంటూ వచ్చారు. నర్సింహులు అందరికంటే ముందున్నాడు.

రాజారావు అడిగాడు, "ఏయ్ భయ్యా, ఇందులో నీది ఏది?"

క్రేన్ భయ్యా గర్వంగా మూడో వరసకు వెళ్ళి నిలబడ్డాడు. "యే హమారా!"

"నీది?"

వెల్డింగు చేసే ఒడిశా కుర్రాడు రోడ్డు వైపు మూలకు దూకాడు. "ఇది మనది సార్!"

ఒక్కొక్కడూ ఒక్కో చదరంలోకి పోయి, ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. ఎక్కడా తగువు లేదు, తడబాటు లేదు. నర్సింహులు చేతులూపుతూ వద్దని సైగ చేస్తున్నా ఎవరూ చూడలేదు. రాజవ్వ గట్టు మీద కూలబడిపోయింది.

"ఇంకేం కావాలె పెంటయ్యా? ఎవని ప్లాటుల వాడు నిలబడ్డడు. నీ కండ్లతోనే సూసినవు కద?" అన్నాడు రాజారావు.

పెంటయ్య అవునన్నట్టు తలూపాడు. అతను చూసింది నిజంగానే అదే. ఇక నోరు తెరిస్తే రాజవ్వ భూమి పోతుంది. నోరు తెరవడానికి అతనికి పట్టిన సమయంలో, నన్నడిగితే, సంగారెడ్డికి నడిచి వెళ్ళి రావచ్చు.

ఆలోపల గుమాస్తా భార్య లేచి కొంగు దులుపుకుంది. పొద్దుటినుంచి ఆవిడ ఒక్క విషయమే ఆలోచిస్తోంది.

"ఏమండీ, మూలలకు నాలుగు రాళ్ళు సరే. నడుమ ఈ అయిదోది ఎందుకండీ? మనం ఇల్లు కడితే అది సరిగ్గా వంటింట్లో వస్తుంది. కదిలించడానికి లేదని ఈమె పొద్దున్నే చెప్పింది. నేను పొయ్యి ఎక్కడ పెట్టుకోవాలి? నాకొద్దు ఈ ప్లాటు."

పెంటయ్య తల చటుక్కున లేచింది. ఒక్కో చదరంలోకి చూశాడు. నాలుగూ ఒకటి. నాలుగూ ఒకటి. క్రేన్ భయ్యా దగ్గరకు వెళ్ళాడు.

"భయ్యా, ఈ నడిమిది ఎవరు?"

"బడే భయ్యా. గావ్ మే హై. ఖేత్ వహీ దేఖ్తా హై," అన్నాడు అతను. మా పెద్దన్న, ఊళ్ళో ఉన్నాడు, పొలం చూసేది ఆయనే అని. తర్వాత మూలల్లోని నలుగురినీ చూపించాడు. ఇద్దరు తమ్ముళ్ళు సూరత్‌లో, ఒకడు బడిలో, నాలుగోది తనే. చెప్తూ చెప్తూ వంగి తన రాయి మీద ఎగిరిపడిన మట్టిని చొక్కాతో తుడిచాడు. ఒడిశా కుర్రాడికి అన్నదమ్ములు తక్కువైతే గదిలోని దోస్తుల పేర్లు పెట్టాడట.

"ఎంతకు కొన్నవు?" అని ఆ ఒడిశా కుర్రాణ్ణి అడిగాడు పెంటయ్య.

"కొన్నామా?" కుర్రాడు తెల్లబోయాడు. "అమ్మ రొట్టె పెట్టింది."

సోమయ్య ముసిముసిగా నవ్వాడు. నాగరత్నం పంతులమ్మ రాజారావు వైపు చూసి, "మీరు వేసే ప్లాట్లలో వంటింటికో రాయి ఇస్తారా రాజారావుగారూ?" అంది. 

పెంటయ్య గొంతు సవరించుకుని మాట చెప్పాడు. "ఇవి ప్లాట్లు కావు. సూసిన."

రాజవ్వ లేచి నిలబడబోయింది. పెంటయ్య ఇంకా ఆపలేదు.

"కని మడి బోడిగున్నది. పంట లేదు. అది గూడ సూసిన."

"ఓరి నీ..." అంటూ రాజవ్వ మళ్ళీ కూర్చుంది.

రాజారావు ముఖం వెలిగింది. "పక్షం రోజులు. అప్పటికి ఇక్కడ పచ్చగ కనబడకుంటె భూమి నాది. ఈ బాట తొక్కుడుకు నేల రోడ్డులెక్క గట్టివడ్డది. సూస్త ఏం మొలుస్తదో," అని కారెక్కాడు.

ఆ పక్షం రోజులూ మా ఊళ్ళో ఇంకో మాట లేదు. త్వరగా మొలిచేది మెంతి అని అందరూ తేల్చారు. రాళ్ళు కదిలించడానికి వీల్లేదు కాబట్టి నాగలి దిగదు. షిఫ్టు దిగిన కుర్రాళ్ళు గడ్డపారలు పట్టి, ఎవరి పాండవుల చుట్టూ వాళ్ళు, రాయి వణక్కుండా తవ్వారు. ఒక గడ్డపార వంగిపోయి కొక్కెం అయిందనీ, దానికి ఇప్పటికీ ఎవరింట్లోనో ఉట్టి వేలాడుతోందనీ అంటారు. రాజవ్వ మెంతులు చల్లింది. బిందెలతో బావి నీళ్ళు మోసి తడిపారు. అందరూ నిశ్చింతగా నిద్రపోయారు.

గింజలు మొలవలేదు. ఎందుకంటే గింజలు లేవు. పండుగనాడు చల్లిన అంబలికీ, రాలిన రొట్టెముక్కలకూ వచ్చిన చీమలు ఇంకా పోలేదు. జిల్లాలోని చీమలన్నీ బంధువులను కూడా పిలుచుకున్నట్టున్నాయి. మెంతులను ఒక్కోటి నెత్తిన పెట్టుకుని, కంపెనీ వాళ్ళలాగే వరస తప్పకుండా మోసుకుపోయాయి.

పెంటయ్య రోజూ వచ్చేవాడు. మడి పక్కన గొంతుకు కూర్చుని, "ఏం కనిపిస్తలే వదినె," అని చెప్పి పోయేవాడు.

"కనిపిస్తదని ఒక్కనాడన్న చెప్పినా నీ సొమ్మేం పోతది?"

"మొలిస్తె మొదలు నేనే చెప్త."

"మొలవకముందే నీకు పాడె గట్టిస్త!"

అయినా ఆ రోజుల్లో పెంటయ్య శనగకాయ ముట్టలేదని మల్లవ్వ చెప్పింది. అన్నం కూడా సగమే తినేవాడట. తాను చూసినదే చెప్పాలి. చూడాలనుకున్నది మాత్రం ఒక్కటే.

రెండోసారి గింజలకు బూడిద కలిపి చల్లారు. చీమలు బూడిద దగ్గర ముక్కు చిట్లించి వెనక్కి తిరిగాయి. ఇప్పుడు పిట్టలు దిగాయి. ఒడిశా కుర్రాడు రేకుడబ్బా పట్టుకుని కాపలా కూర్చున్నాడు. క్రేన్ భయ్యా తన గదివాళ్ళతో కలిసి అడ్డదారిలో తుమ్మకంప అడ్డం వేసి, తానే మొదట రోడ్డు చుట్టూ తిరిగి పనికి పోవడం మొదలుపెట్టాడు. అందరూ అలాగే పోయారు. చలి మాత్రం ఎవరి మాటా వినలేదు. నల్లమట్టి బిగుసుకుని, ఏమీ తెలియనట్టు పడుకుంది.

గడువు చివరి రోజు పొద్దున రాజారావు వచ్చాడు. మళ్ళీ తెల్లచొక్కా, తెల్లప్యాంటు. ఊరంతా గట్టు మీద ఉంది. మడి నల్లగా ఉంది. తెల్లని దిమ్మలు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు.

"ఏం పెంటయ్యా?" అన్నాడు రాజారావు.

పెంటయ్య తలపాగా తీసి గట్టు మీద పెట్టాడు. మడిలోకి దిగి, మోకాళ్ళ మీద వంగి, అదీ చాలక బోర్లా పడుకున్నాడు. గడ్డం మట్టికి ఆనించి, ఒక కన్ను మూసి, ఎండ వచ్చే వైపు చూస్తూ ఉండిపోయాడు. ఎంతసేపటికీ లేవలేదు. పడుకున్నాడో పోయాడోనని మల్లవ్వ కంగారు పడింది.

"పెంటన్నా!" అన్నాడు సోమయ్య.

"సూసిన," అన్నాడు పెంటయ్య. "మట్టిని నెత్తిన ఎత్తుకొని లేస్తున్నది. ఇగో. ఇగో ఇంకోటి. భీముని కాడ జోడు ఆకులు విప్పింది."

"నాకేం కనబడుతలేదు. గడ్డి కావచ్చు," అన్నాడు రాజారావు.

"నిలబడితే ఎట్ల కనబడుతది అయ్యా? పండాలె."

రాజారావు పెద్దల వైపు చూశాడు. నాగరత్నం పంతులమ్మ, పిల్లలకు మఠం వేసుకోమని చెప్పినట్టు, మడి వైపు చేయి చూపింది. అతను రుమాలు పరిచాడు. రుమాలు మోకాలికే సరిపోయింది. చివరికి తెల్లచొక్కాతోనే పెంటయ్య పక్కన బోర్లా పడుకున్నాడు. ఇటు సోమయ్య, అటు క్రేన్ భయ్యా, వెనకాల ఒడిశా కుర్రాడు, నర్సింహులు. చూడాలని ఆగలేక ఊళ్ళో సగం మంది వరసగా పడుకున్నారు. ఆ ఎత్తులో చూస్తే మడి అంతా, ఈ దిమ్మ నుంచి ఆ దిమ్మ దాకా, సన్నని పచ్చని నూగులా కదులుతోంది.

రాజారావు చాలాసేపు చూశాడు. అతని ముక్కు చివర నల్లమట్టి అంటుకుంది.

"మెంతే," అన్నాడు చిన్నగా.

గట్టు మీద రాజవ్వ నిలబడే ఉంది. కళ్ళు తుడుచుకుని, చీర కుచ్చెళ్ళు దోపుకుని, ఒక్క అరుపు అరిచింది.

"సూసిండ్రు గద, ఇగ లేవుండ్రి! మీ మీసాలు తగిలి నా మొలకలు చస్తయి!"